బీటిల్ ఇంటికి చేరిన మోగ్

1968 నవంబరులో లాస్ ఏంజిలిస్‌లో జాకీ లోమాక్స్ అనే గాయకుడి ఆల్బమ్ తయారవుతోంది. నిర్మాత బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్. పాటలకు కొత్త రకం ధ్వనులు కావాలని బెర్నీ క్రౌజ్‌ను పిలిపించారు. ముప్ఫయ్యేళ్ళు నిండని క్రౌజ్ వెంట వచ్చింది పాతకాలపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలా ముందంతా తీగలు వేలాడే పెట్టె, దానికో చిన్న కీబోర్డు. దాని పేరు మోగ్ సింథసైజర్. అర్ధరాత్రి దాటి అసలు పని ముగిశాక, ఈ యంత్రం ఇంకా ఏమేం చేయగలదో చూపించమని హారిసన్ అడిగాడు. క్రౌజ్ తీగలు మార్చి మార్చి గుచ్చుతూ, నాబ్‌లు తిప్పుతూ ఒక్కో ధ్వనినీ వినిపిస్తూ పోయాడు. పక్కన టేపు తిరుగుతూనే ఉంది.

ఆ టేపు మరుసటి ఏడాది మే 9న ఒక ఎల్పీ రికార్డులో సగభాగంగా ఇంగ్లండ్ మార్కెట్లోకి వచ్చింది. రికార్డు పేరు 'ఎలక్ట్రానిక్ సౌండ్'. హారిసన్ సొంత ఆల్బమ్‌లలో ఇది రెండోది. ఇందులో పాట లేదు, మాట లేదు, తాళం లేదు, గిటారు కూడా లేదు. ఉన్నవి రెండే భాగాలు. 'అండర్ ద మెర్సీ వాల్' సుమారు 19 నిమిషాలు. దీన్ని 1969 ఫిబ్రవరిలో లండన్ దగ్గర ఈషర్‌లోని తన ఇంట్లో సొంత మోగ్ మీద హారిసన్ రికార్డు చేసుకున్నాడు. 'నో టైమ్ ఆర్ స్పేస్' సుమారు 25 నిమిషాలు. లాస్ ఏంజిలిస్ రాత్రి టేపు ఇదే. బీటిల్స్ సంస్థ ఆపిల్ ప్రయోగాల కోసం పెట్టిన జాపిల్ అనే చిన్న లేబుల్ దీన్ని విడుదల చేసింది. ఆ లేబుల్ మీద వచ్చినవి మొత్తం రెండు రికార్డులు. రెండోది జాన్ లెనన్, యోకో ఓనోలది. రెండూ ఒకే రోజు వచ్చాయి. తర్వాత లేబుల్ మూతపడింది.

బీటిల్స్ పేరు కనిపిస్తే చాలు లక్షల్లో అమ్ముడుపోయే ఆ రోజుల్లో ఈ రికార్డు అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 191వ స్థానం దాటి పైకి రాలేదు. కొన్ని దేశాల ముద్రణల్లో రెండు వైపుల పేర్లు తారుమారైపోయాయి కూడా. పాట కోసం కొన్నవారికి ఇందులో దొరికేది జారే ఈలలు, పేలుళ్ళు, హోరుగాలి, గొణుగుడు. నిరాశ పడ్డారంటే వారి తప్పేమీ లేదు.

అయినా నాకు ఈ రికార్డంటే గౌరవం. ఎలక్ట్రానిక్ వాద్యం లోపల ఏం జరుగుతుందో ఇంత విప్పి చూపించే రికార్డు ఆ కాలంలో మరొకటి లేదని నా అభిప్రాయం. మంచి పాటలో సింథసైజర్ బాణీ వెనక దాక్కుంటుంది. చెవి బాణీ వెంటే పోతుంది కాబట్టి ధ్వని ఎలా పుట్టిందో పట్టించుకోదు. ఇక్కడ బాణీ లేదు. అందుకని యంత్రంలో ఒక్కో భాగం చేసే పని విడివిడిగా చెవిన పడుతుంది. ఆ భాగాలేమిటో తెలుసుకుని వింటే 44 నిమిషాల గందరగోళానికి ఒక అమరిక వస్తుంది.

ఓల్టేజి చేతికి పగ్గాలు

రాబర్ట్ మోగ్ న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన ఇంజినీరు. కుర్రతనం నుంచీ థెరమిన్ అనే ఎలక్ట్రానిక్ వాద్యాలు తయారుచేసి అమ్మేవాడు. 1964లో హెర్బర్ట్ డాయిచ్ అనే స్వరకర్తతో కలిసి ట్రుమన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో కొత్త యంత్రానికి నమూనా కట్టాడు. అదే ఏడాది అక్టోబరులో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ సమావేశంలో దాన్ని పరిచయం చేశాడు.

విద్యుత్తుతో ధ్వని పుట్టించడం అప్పటికే కొత్త కాదు. రేడియో స్టేషన్లలో, విశ్వవిద్యాలయాల్లో ఆసిలేటర్లు ఉండేవి. కానీ ఒక్కో స్వరానికీ నాబ్ చేత్తో తిప్పాలి, టేపు మీద ఎక్కించాలి, కత్తితో కోసి అతికించాలి. ఒక నిమిషం సంగీతానికి రోజులు పట్టేవి. మోగ్ ఆలోచన వేరు. నాబ్ తిప్పే చేతి పనిని ఓల్టేజికి అప్పగించాడు. ఆసిలేటర్‌కు వెలుపలి నుంచి ఒక ఓల్టేజి అందిస్తారు. ఓల్టేజి పెరిగితే శ్రుతి పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఆ ఓల్టేజి కీబోర్డు నుంచి రావచ్చు, వేలితో రాసే లోహపు పట్టీ నుంచి రావచ్చు, మరో ఆసిలేటర్ నుంచి కూడా రావచ్చు. చివరిదే అసలు విశేషం. ఒక ఆసిలేటర్ సెకనుకు ఐదారుసార్లు ఊగుతూ రెండోదాన్ని నడిపిస్తే స్వరం వణుకుతుంది. సెకనుకు వందలసార్లు ఊగితే స్వరం పగిలి, గంట మోతలాంటి కొత్త నాదం పుడుతుంది. ముందుభాగమంతా ఉన్న ఆ తీగల పని ఇదే: ఏ భాగం ఏ భాగాన్ని నడపాలో నిర్ణయించడం.

ఇక్కడ చెవి స్వభావాన్ని బట్టి ఒక చిక్కు వచ్చింది. మన చెవి శ్రుతిని కూడికల్లో కాక నిష్పత్తుల్లో కొలుస్తుంది. 220 హెర్ట్జ్ నుంచి 440కి వెళితే ఒక స్థాయి పైకి వెళ్ళినట్టు వినిపిస్తుంది. మరో స్థాయి పైకి వెళ్ళాలంటే ఇంకో 220 కలిపితే చాలదు, రెట్టించి 880కి చేరాలి. మంద్ర షడ్జం, మధ్య షడ్జం, తార షడ్జం ఒకదానికొకటి రెట్టింపు కావడం సంగీతం నేర్చినవారికి తెలిసిందే. కీబోర్డు మీద మాత్రం మెట్లన్నీ సమానంగా ఉంటాయి. సమానమైన మెట్లను రెట్టింపులుగా మార్చేది మధ్యలో ఏదో ఒకటి ఉండాలి. మోగ్ దాని కోసం ట్రాన్సిస్టర్ స్వభావాన్నే వాడుకున్నాడు. ట్రాన్సిస్టర్‌కు ఇచ్చే ఓల్టేజిని కొద్దిగా పెంచితే దానిలో ప్రవహించే కరెంటు రెట్టింపవుతుంది, మళ్ళీ అంతే పెంచితే మళ్ళీ రెట్టింపవుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ పెంపు సుమారు 18 మిల్లీఓల్టులు. ఈ గుణాన్ని ఆధారం చేసుకుని మోగ్ ఒక కొలత పెట్టాడు: ఒక ఓల్టు పెరిగితే ఒక స్థాయి. పన్నెండు స్వరస్థానాల్లో ఒక్కోదానికి ఓల్టులో పన్నెండో వంతు, అంటే సుమారు 83 మిల్లీఓల్టులు. ఈ రోజుకీ ప్రపంచంలో అమ్ముడయ్యే మాడ్యులర్ సింథసైజర్లలో చాలా భాగం ఇదే కొలత పాటిస్తాయి.

ట్రాన్సిస్టర్ ఇచ్చిన వరంతోపాటు ఒక బాధా వచ్చింది. ఆ 18 మిల్లీఓల్టులు ఉష్ణోగ్రతతో మారిపోతాయి. ఒక డిగ్రీ వేడెక్కితే మూడు వందల్లో ఒక వంతు తేడా వస్తుంది. వినడానికి చిన్నదే. కానీ నాలుగు స్థాయిల దూరంలో అది అర్ధస్వరంలో ఆరో వంతు అవుతుంది. స్టూడియో దీపాల వేడికో, పెట్టెలో పుట్టే వేడికో ఐదు డిగ్రీలు పెరిగితే, సవరించే ఏర్పాటు లేనప్పుడు, దాదాపు ఒక స్వరస్థానమే తప్పుతుంది. తొలితరం మోగ్ శ్రుతి నిలవదని అప్పటి వాద్యకారులు చాలామంది వాపోయేవారు. 1968లో 'స్విచ్డ్ ఆన్ బాఖ్' రికార్డు చేసిన వెండీ కార్లోస్ కొన్ని స్వరాలు వాయించి, శ్రుతి సరిచూసుకుని, మళ్ళీ కొన్ని వాయించి, అలా ముక్కలు ముక్కలుగా బాఖ్ సంగీతాన్ని పేర్చింది. పైగా ఆ మోగ్ ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. రెండు స్వరాలు కలిసి వినిపించాలంటే రెండుసార్లు రికార్డు చేయాలి.

హారిసన్ ఆ తంటాలేవీ పడలేదు. 'అండర్ ద మెర్సీ వాల్'లో స్వరస్థానాల పట్టింపు లేదు. శ్రుతి జారితే జారనిచ్చాడు. అందువల్లే ఓల్టేజి మెట్లు లేకుండా సాఫీగా పాకడం అంత స్పష్టంగా వినిపిస్తుంది. గమకాలకు అలవాటుపడిన మన చెవులకు ఇది తొందరగా అందుతుందని నాకనిపిస్తుంది.

అ, ఇ, ఉ

ఒకే శ్రుతిలో ఆపకుండా అ, ఇ, ఉ అని పలికి చూడండి. కంఠంలో కంపనం మారలేదు, శ్రుతీ మారలేదు. మారింది నోటి ఆకారం. కంఠంలో పుట్టే ధ్వని ఒట్టి ఒక్క కంపనం కాదు. దానితోపాటు రెండింతల, మూడింతల, నాలుగింతల పౌనఃపున్యంతో పలికే అతిస్వరాల వరుస ఉంటుంది. నోరు వాటిలో కొన్నిటిని పెంచి, కొన్నిటిని అణిచి బయటికి పంపుతుంది. మగ గొంతులో 'అ' పలికేటప్పుడు సుమారు 700, 1100 హెర్ట్జ్ దగ్గరి అతిస్వరాలు పెద్దవవుతాయి. 'ఇ' పలికేటప్పుడు 300 దగ్గర, 2300 దగ్గర. అచ్చుల తేడా అంతా ఇంతే.

మోగ్ యంత్రం ఈ పనిని విద్యుత్తుతో చేస్తుంది. ముందు ఆసిలేటర్ అతిస్వరాలు పుష్కలంగా ఉన్న తరంగాన్ని ఇస్తుంది. రంపపు పళ్ళ ఆకారంలో ఉండే తరంగంలో అన్ని అతిస్వరాలూ ఉంటాయి, పైకి పోయేకొద్దీ బలం తగ్గుతూ. చతురస్రాకారపు తరంగంలో బేసి సంఖ్యలవి మాత్రమే ఉంటాయి. అందుకే మొదటిది ఇత్తడి బాకాలా కరుకుగా, రెండోది క్లారినెట్‌లా బోలుగా వినిపిస్తాయి. తర్వాత ఫిల్టర్ వస్తుంది. మోగ్ పేరు నిలబెట్టిన భాగం ఇదే. ట్రాన్సిస్టర్ జతలను నిచ్చెన మెట్లలా ఒకదానిపై ఒకటి పేర్చి ఆయన కట్టిన ఈ ఫిల్టర్‌కు 1969 అక్టోబరులో అమెరికా పేటెంటు వచ్చింది. ఒక హద్దు పెడితే దానికి పైనున్న అతిస్వరాలను ఇది గట్టిగా అణిచేస్తుంది. ఒక్కో స్థాయికి 24 డెసిబెల్స్ చొప్పున, అంటే కంపన పరిమితి సుమారు పదహారో వంతుకు పడిపోతుంది. ఆ హద్దును కూడా ఓల్టేజితో కదపవచ్చు. హద్దు కింది నుంచి పైకి జరిగితే మూసిన నోరు నెమ్మదిగా తెరుచుకున్నట్టు ధ్వని విచ్చుకుంటుంది. ఫిల్టర్ నుంచి బయటికొచ్చిన ధ్వనిలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపితే హద్దు దగ్గరి అతిస్వరాలు ఉబికి వస్తాయి. ఇంకా పెంచితే లోపలికి ఏమీ ఇవ్వకపోయినా ఫిల్టర్ తానే ఈల వేస్తుంది.

ఆ సమయానికి హారిసన్ చెవి ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో గుర్తుచేసుకోవాలి. 1966లో లండన్‌లో రవిశంకర్‌ను కలిశాడు. ఆ సెప్టెంబరులో భారతదేశం వచ్చి ఆయన దగ్గర సితార్ నేర్చుకున్నాడు. 1968 జనవరిలో బొంబాయి హెచ్‌ఎంవీ స్టూడియోలో మన వాద్యకారులతో 'వండర్‌వాల్ మ్యూజిక్' ఆల్బమ్ కోసం రికార్డు చేశాడు. మోగ్ ముందు కూర్చునేనాటికి ఆ అనుభవం సుమారు ఏడాది పాతది.

సితార్, తంబురాల మెరుపు కూడా అతిస్వరాల మెరుపే. దాన్ని శాస్త్రీయంగా విడమరిచినవారిలో ముందువరసలో ఉన్నది విశాఖపట్నంలో బడి చదువు చదువుకున్న సి.వి.రామన్. తీగను ఎక్కడ మీటుతామో అక్కడ కదలిక ఉండకూడని అతిస్వరాలు పలకకూడదని ఐరోపా శాస్త్రం చెప్పేది. గిటారు, వయొలిన్‌ల తీగల్లో అది నిజం. తంబురా, వీణల విషయంలో అది చెల్లదని రామన్ 1921లో చూపించారు. ఈ వాద్యాల్లో తీగ ఆనే బ్రిడ్జి పదునైన అంచులా కాక వంపు తిరిగిన పలకలా ఉంటుంది. తంబురాలో దానికి తోడు తీగ కింద సన్నని దారం పెడతారు. కంపించే తీగ ఆ వంపును తాకి లేచి తాకి లేస్తూ, శాస్త్రం వద్దన్న అతిస్వరాలను కూడా పుట్టిస్తుంది. తీగ నెమ్మదించేకొద్దీ ఒక్కో అతిస్వరం వంతులవారీగా పైకి వస్తుంది. ఫిల్టర్ హద్దును నెమ్మదిగా కదిపితే వినిపించేది దీనికి దగ్గరి బంధువు. ఈ పోలికను హారిసన్ గుర్తించాడని నేను అనడం లేదు. తంబురా నాదానికి అలవాటుపడిన చెవికి ఒకే స్వరం మీద నిమిషాలకొద్దీ రంగులు మార్చడం వింతగా తోచి ఉండదు, అంతవరకు అనగలను.

మూలం వెతికే మెదడు

శ్రుతి, నాదగుణం తర్వాత మిగిలేది ధ్వని కాలంలో ఎలా పెరిగి ఎలా తగ్గుతుందన్నది. 1948లో పారిస్‌లో రేడియో ఇంజినీరు పియేర్ షెఫెర్ గంట మోత రికార్డింగ్‌లో తొలి క్షణాన్ని తీసేసి మిగతాది వినిపించాడు. అది గంటలా లేదు. లోహం మీద దెబ్బ పడిన ఆ తొలి క్షణమే గంటను గంటగా గుర్తుపట్టిస్తోందన్నమాట. మోగ్‌లో దీనికి ఒక విడి భాగం ఉంది. ధ్వని ఎంత వేగంగా లేవాలి, ఎంత వేగంగా తగ్గాలి, ఏ స్థాయిలో నిలవాలి, కీ మీద నుంచి వేలు తీశాక ఎంతసేపు సాగి ఆరిపోవాలి అన్నవి అది నిర్ణయిస్తుంది. కొలంబియా విశ్వవిద్యాలయపు స్వరకర్త వ్లదీమిర్ ఉసచెవ్‌స్కీ కోరిన విధంగా మోగ్ దీన్ని తయారుచేశాడు. ఇప్పటి సింథసైజర్ కీబోర్డుల్లో చాలావాటిలో ఆ నాలుగు దశలే ఉన్నాయి.

హోరు సంగతి కూడా చెప్పాలి. అన్ని పౌనఃపున్యాలూ సమానంగా కలిసిన ధ్వనిని తెల్ల హోరు అంటారు. స్టేషను దొరకని రేడియో చేసే బుస్సుమనే చప్పుడు దానికి దగ్గర. దాన్ని ఫిల్టర్ గుండా పంపి హద్దును అటూ ఇటూ కదిపితే గాలి. హోరును చటుక్కున లేపి చటుక్కున ఆర్పితే తుపాకి. 'ఎలక్ట్రానిక్ సౌండ్'లో గాలులూ కాల్పులూ ఇలా వచ్చినవే. ఆ గదిలో గాలి లేదు, తుపాకి లేదు. అది తెలిసి వింటున్నా మెదడు ఒప్పుకోదు. చెవిలో పడిన ప్రతిదానికీ అది ఎవరు చేశారు, ఏ వస్తువు చేసింది అని మూలం వెతుకుతూనే ఉంటుంది. కలగాపులగంగా వచ్చే కంపనాలను మెదడు ఎలా విడదీసి ఒక్కో మూలానికి అంటగడుతుందో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బ్రెగ్మన్ ఏళ్ళతరబడి పరిశోధించి 1990లో పెద్ద గ్రంథం రాశాడు. కలిసి మొదలయ్యేవి, కలిసి కదిలేవి, ఒకే మూల కంపనానికి గుణిజాలుగా ఉండేవి ఒకే మూలానివని మెదడు నిర్ణయిస్తుంది. మోగ్ ముందు కూర్చున్నవారు ఈ సూత్రాలతోనే ఆడుకుంటారు. ఈ రికార్డు వింటుంటే పక్షి అనుకున్నది యంత్రమైపోవడం, యంత్రమనుకున్నది అలగా మారడం అందుకే.

1969 ఆగస్టులో హారిసన్ మోగ్‌ను ఈషర్ నుంచి ఈఎంఐ స్టూడియోకు తరలించారు. 'అబ్బే రోడ్' ఆల్బమ్‌లో 'బికాజ్', 'హియర్ కమ్స్ ద సన్', 'మాక్స్‌వెల్స్ సిల్వర్ హామర్' పాటల్లో అది వినిపిస్తుంది. 'ఐ వాంట్ యూ' చివర ముంచెత్తే గాలి హోరు కూడా మోగ్‌దే. రాక్ సంగీతంలో సింథసైజర్‌ను ఇంత పొందికగా వాడిన తొలి ఆల్బమ్‌లలో అదొకటి. మే నెలలో వచ్చిన ప్రయోగానికీ సెప్టెంబరులో వచ్చిన పాటలకూ మధ్య నాలుగు నెలలే. ఇంట్లో గంటలు గంటలు నాబ్‌లు తిప్పి చూడకుండా ఆ పొందిక వచ్చేది కాదు.

అట్ట మీద చెరిగిన పేరు

'నో టైమ్ ఆర్ స్పేస్' ఎవరిది? క్రౌజ్ చెప్పిన ప్రకారం ఆ రాత్రి తాను వినిపించినది ప్రదర్శన మాత్రమే. టేపు తిరుగుతోందని తనకు తెలియదు. తర్వాత ఈషర్‌కు వెళ్ళి యంత్రం బిగించి నేర్పే సమయంలో అదే టేపును హారిసన్ తనకు వినిపించాడని, రికార్డుగా వేయబోతున్నానన్నాడని ఆయన చాలాసార్లు చెప్పాడు. ముందు అట్ట మీద క్రౌజ్ పేరు ఉంది. తీసేయమని ఆయనే కోరాడు. దాని మీద వెండి రంగు పూశారు. సహాయం చేశాడన్న మాట మాత్రం మిగిలింది. అట్ట బొమ్మను హారిసన్ స్వయంగా వేశాడు. అందులో మోగ్ ముందు కూర్చున్న మనిషి క్రౌజ్ అని చెబుతారు.

హారిసన్ సంగీతం మీద నాకు ఎంత ఇష్టమున్నా ఈ విషయంలో న్యాయం క్రౌజ్ వైపే ఉందని నా నమ్మకం. నాబ్‌లు తిప్పడం సంగీతం కాదని, ధ్వనులు యంత్రానివే కదా అని కొందరు వాదిస్తారు. మోగ్‌లో ముందే తయారైన ధ్వని ఒక్కటీ ఉండదు. ఏ తీగ ఎక్కడ గుచ్చాలి, ఏ నాబ్ ఎంత తిప్పాలి, ఎప్పుడు ఆపాలి అన్న నిర్ణయాలే ఆ సంగీతం. ఆ నిర్ణయాలు ఎవరివో ఆ సృష్టి వారిది. కాగితం మీద స్వరాలు రాయని సంగీతంలో కర్త ఎవరన్న ప్రశ్న తర్వాతి యాభై ఏళ్ళూ ఎలక్ట్రానిక్ సంగీతాన్ని వెంటాడింది. దానికి తొలి ఉదాహరణల్లో ఒకటి ఈ వెండి రంగు కింద ఉంది.

క్రౌజ్ జీవితం అక్కడ ఆగలేదు. ఆయన, జోడీదారు పాల్ బీవర్ కలిసి 1967 మాంటెరీ సంగీతోత్సవంలో గుడారం వేసి మోగ్‌ను రాక్ సంగీతకారులకు చూపించినవారు. ఆ ఇద్దరి 1970 ఆల్బమ్ 'ఇన్ ఎ వైల్డ్ శాంక్చురీ' కోసం క్రౌజ్ టేపు రికార్డరు భుజాన వేసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర మ్యూర్ అడవికి వెళ్ళాడు. అడవి చప్పుళ్ళను మోగ్ ధ్వనులతో కలపాలన్నది ఆలోచన. ఆ అడవి ఆయన్ను వదల్లేదు. 1975లో బీవర్ చనిపోయాడు. క్రౌజ్ మెల్లగా సినిమా సంగీతం వదిలి, జీవధ్వనుల్లో డాక్టరేట్ చేసి, ప్రపంచంలోని ఎన్నో అడవులు తిరిగి రికార్డు చేయడంలో మునిగిపోయాడు.

ఆయన గమనించింది ఇది. ఆరోగ్యంగా ఉన్న అడవి రికార్డింగ్‌ను, కాలం అడ్డంగా, పౌనఃపున్యం నిలువుగా చూపే స్పెక్ట్రోగ్రామ్ పటంగా మార్చితే కీటకాలు ఒక పట్టీలో, కప్పలు ఒక పట్టీలో, ఒక్కో పక్షి ఒక్కో పట్టీలో కనిపిస్తాయి. ఒకదాని పిలుపు మరొకదాని కింద మునిగిపోకుండా పరిణామక్రమంలో ప్రతి జీవీ తన ధ్వనికి ఒక చోటు చేసుకుందని ఆయన ప్రతిపాదించాడు. అన్ని చోట్లా ఇది ఒకేలా నిలబడుతుందా అన్నదాని మీద జీవశాస్త్రజ్ఞుల్లో చర్చ నడుస్తూనే ఉంది. ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ధ్వనిని పట్టీలుగా విడదీసి వినడం ఆయన ఫిల్టర్ ముందు కూర్చున్న రోజుల్లో అలవడిన విద్యేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా కొండల్లో లింకన్ మెడో అనే పచ్చికబయలు ఉంది. అక్కడ కొన్ని చెట్లను ఎంపిక చేసి నరుకుతామని, అడవికి నష్టం ఉండదని కలప సంస్థ స్థానికులకు నచ్చజెప్పింది. నరకడానికి ముందు 1988లో క్రౌజ్ అక్కడ వేకువజామున రికార్డు చేశాడు. నరికిన తర్వాత, ఏడాదికి, అదే రోజుల్లో అదే వేళకు మళ్ళీ వెళ్ళాడు. కంటికి తేడా లేదు. ఫొటోలు తీస్తే రెండూ ఒకటే. స్పెక్ట్రోగ్రామ్‌లో మాత్రం పక్షులున్న పట్టీలు దాదాపు ఖాళీ. మిగిలింది వాగు చప్పుడు, ఒక వడ్రంగిపిట్ట. ఆ తర్వాత పాతికేళ్ళలో పదిహేనుసార్లు వెళ్ళానని, పాత సందడి తిరిగి రాలేదని ఆయన 2013లో చెప్పాడు. కన్ను మోసపోయిన చోట చెవి నిజం చెప్పింది. అడవుల ఆరోగ్యాన్ని మైక్రోఫోన్లతో కనిపెట్టే పరిశోధనలు ఇప్పుడు చాలా దేశాల్లో జరుగుతున్నాయి.

మన దగ్గరికి వస్తే, 'ఎలక్ట్రానిక్ సౌండ్' విడుదలైన 1969లోనే అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు ఒక మోగ్ వచ్చింది. అమెరికన్ స్వరకర్త డేవిడ్ ట్యూడర్ వచ్చి దాన్ని నెలకొల్పాడు. అంతకు రెండు దశాబ్దాల ముందే స్వరకర్త జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పిన గీతా సారాభాయ్ ఆ ప్రయత్నానికి అండ. ఆమె, ఐ.ఎస్.మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి.శర్మ, జిన్‌రాజ్ జోషీపురా 1972 వరకు ఆ యంత్రం మీద పనిచేశారు. వారి టేపులు అలమరల్లో దశాబ్దాలు పడి ఉన్నాయి. బ్రిటిష్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెతికి తీసి, శుభ్రం చేయించాడు. 2023లో 'ద ఎన్‌ఐడీ టేప్స్' పేరుతో అవి విడుదలయ్యాయి. ఈ దేశంలో ఎలక్ట్రానిక్ సంగీతం ఎప్పుడో తర్వాత దిగుమతైందని అనుకునేవారు వాటిని తప్పక వినాలి. హారిసన్ ఈషర్‌లో వెతుకుతున్నదాన్నే వాళ్ళు అహ్మదాబాద్‌లో, అదే ఏడాది, మన శ్రుతుల మధ్య కూర్చుని వెతికారు.

ఇంట్లో కంప్యూటర్ ఉన్న ప్రతి విద్యార్థికీ ఇప్పుడు ఈ యంత్రం ఉచితంగా అందుబాటులో ఉంది. మోగ్ పద్ధతిలో పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ సింథసైజర్లు చాలా ఉన్నాయి. రంపపు తరంగం ఎంచుకుని, ఫిల్టర్ హద్దు పూర్తిగా దించి నెమ్మదిగా పైకి జరపండి. తర్వాత 'నో టైమ్ ఆర్ స్పేస్' హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఆ వెంటనే 'బికాజ్' వినండి. భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు అతిస్వరాల పాఠం రోజున తరగతిలో ఈ రెండూ వినిపిస్తే బాగుంటుంది.

కొల్లేరు, పులికాట్, నల్లమల దగ్గర ఉండేవారికి మరో మాట. ఒక వేకువను ఫోనులోనైనా పది నిమిషాలు రికార్డు చేసి, తేదీ, వేళ, చోటు రాసి భద్రపరచండి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దాన్ని స్పెక్ట్రోగ్రామ్‌గా చూపిస్తుంది. వచ్చే ఏడాది అదే రోజు, అదే చోట మళ్ళీ రికార్డు చేయండి. లింకన్ మెడోలో ఏం పోయిందో చెప్పగలిగింది, పోకముందు ఒకరు రికార్డు చేసి పెట్టినందువల్లే.